రాజు మనుమని దినచర్య

రాజులు తమ విజయములచేతను, కవులు తమ కావ్యములచేతను, శాస్త్రజ్ఞులు తాము కనుగొనిన సత్యములచేతను లోకమున పేరు గాంతురు. సర్ అగస్టస్ డెస్టె వీరిలో ఎవ్వరును కాడు. ఆయన ఒక గొప్ప రాజునకు మనుమడు. కాని చట్టము ఆయనను రాజవంశీయునిగా అంగీకరింపలేదు. ఆయన సైన్యములో పని చేసెను. కాని పేరెన్నిక గన్న విజయ మేదియు సాధింపలేదు. అయినను వైద్యశాస్త్ర చరిత్ర చదువువారు ఆయన పేరు నేటికిని తలచుకొనుచున్నారు. తన శరీరమునకు, అందును ముఖ్యముగా తన కన్నులకు కలిగిన మార్పులను ఆయన ఇరువది నాలుగేండ్ల కాలము ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి యుంచెను. ఆయన ప్రసిద్ధికి అదియే కారణము. తనకు వచ్చిన వ్యాధి యేదో ఆయన ఎరుగడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులును ఎరుగరు. ఆ కాలమున దానికి పేరే లేదు. నేడు ఆ వ్యాధిని మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పిలుచుచున్నారు.

ఇంగ్లండును పాలించిన మూడవ జార్జి రాజునకు ఆరవ కుమారుడు అగస్టస్ ఫ్రెడరిక్. ఈ రాజకుమారుడు యౌవనమున ఇటలీ దేశములో నుండగా, స్కాట్లండు ప్రభువైన డన్మోర్ కుమార్తె లేడీ అగస్టా మరేను ప్రేమించి, 1793వ సంవత్సరము ఏప్రిలు నెలలో రోము నగరమున రహస్యముగా వివాహమాడెను. ఆ సంవత్సరమే డిసెంబరులో లండను నగరమున సెయింట్ జార్జి చర్చిలో ఆ వివాహము రెండవ మారు జరిగెను. 1794 జనవరి 13వ తేదీన వారికి ఒక కుమారుడు జన్మించెను. అతడే ఈ కథానాయకుడు.

అప్పటికి ఇంగ్లండులో 1772 నాటి రాజవివాహ చట్టము అమలులో నుండెను. రాజు అనుమతి లేక రాజకుటుంబములోని వారు చేసికొనిన వివాహములు చెల్లవని ఆ చట్టము శాసించుచున్నది. మూడవ జార్జి ఈ వివాహమునకు అనుమతి నీయలేదు. శిశువు పుట్టిన యేటనే న్యాయస్థానము ఆ పెండ్లి చెల్లదని తీర్పు చెప్పెను. ఉయ్యెలలో నున్న బిడ్డడు తానెరుగకయే తండ్రి యింటి పేరును, బిరుదును కోల్పోయెను. తలిదండ్రు లిరువురి పూర్వులును ఇటలీలోని ఎస్టె అను ప్రాచీన వంశముతో సంబంధము కలవారగుటచేత పిల్లలకు డెస్టె అను పేరు కలిగినది. 1801లో అగస్టా ఎమ్మా అను చెల్లెలు పుట్టెను. ఆ సంవత్సరమే తండ్రికి ససెక్స్ డ్యూకు పదవి లభించినది. తలిదండ్రులు విడిపోయిరి.  రాజు మనుమడన్న అభిమానమును, ఆ మాట నెవ్వరును ఒప్పుకొనరన్న బాధయు అగస్టస్‌కు చిన్ననాటినుండియు తోడై యుండెను.

యుక్తవయస్సు రాగానే ఆయన సైన్యమున చేరి, ఏడవ రాయల్ ఫ్యూజిలియర్స్ దళములో ఉద్యోగి యయ్యెను. ఆంగ్లేయులకును అమెరికనులకును జరిగిన యుద్ధపు చివరి దినములలో, సర్ జాన్ లాంబర్టు అను సేనానికి అంగరక్షకోద్యోగిగా న్యూ ఆర్లియన్స్ ముట్టడికి పోయెను. 1815 జనవరిలో అచట ఆంగ్లసేన ఘోరముగా ఓడిపోయినది. డెస్టె క్షేమముగా తిరిగి వచ్చెను. అప్పటి కాయనకు ఇరువది యొక్క యేండ్లు. దేహదారుఢ్యము కలవాడు, గుర్రపుస్వారియందును, ప్రయాణములందును ప్రీతి కలవాడు. యుద్ధభూమిలో తప్పిన ఆపద మరియొక మార్గమున రానున్నదని ఎవ్వరును ఊహింపలేదు.

1822వ సంవత్సరము డిసెంబరులో ఆయన స్కాట్లండు కొండసీమలకు ప్రయాణమై పోయెను. అచట తాను తండ్రివలె ప్రేమించు బంధు వొక డుండెను. డెస్టె చేరునప్పటికి ఆ పెద్దమనిషి మరణించి యుండెను. ఉత్తరక్రియలకు చాలమంది వచ్చిరి. నలుగురి యెదుట కంటతడి పెట్టుట తగదని ఆయన దుఃఖమును బలవంతముగా అణచుకొన యత్నించెను, కాని అణచుకొనలేకపోయెను. అటుపిమ్మట కొలది దినములకే కన్నులకు మసక క్రమ్మెను. సన్నని వస్తువులపై చూపు నిలిపినచో అవి చెదరిపోయినట్లు కనబడుచుండెను. వచ్చిన ఉత్తరములను ఇతరులు చదివి వినిపింపవలసి వచ్చెను. జవాబులును ఇతరులే వ్రాయవలసి వచ్చెను. తరువాత ఆయన ఐర్లండు దేశమునకు పోయెను. అచట ఏ మందును వాడకయే చూపు పూర్తిగా తిరిగి వచ్చినది. అప్పటి కాయన వయస్సు ఇరువది యెనిమిదేండ్లు. ఈ సంగతులన్నియు ఆయన దినచర్యలో మొదటి పుటలందు కలవు.

అణచుకొన జూచిన కన్నీరే కన్నులను చెరచినదని అట్టి సమయమున ఎవరికైనను తోచుట సహజమే. కాని దుఃఖము ఆ వ్యాధిని పుట్టించినదని చెప్పుటకు ఆధారము లేదు. ఆయన కనుగుడ్డులోను దోషము లేదు. ఈ విషయము అర్థమగుటకు కన్ను చూచు విధానమును కొంత తెలిసికొనవలయును.

కంటి ముందుభాగమున నున్న కటకము వెలుగును లోపలి రెటినా అను సన్నని పొరపై పడునట్లు చేయును. రెటినా ఆ వెలుగును నాడీసంకేతములుగా మార్చును. ఆ సంకేతములు దృష్టినాడి గుండా మెదడునకు పోవును. దృష్టినాడి పొడవు సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే. అయినను అందు పది లక్షలకు పైబడిన తంతువులు కలవు. విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగున్నట్లే, కనుగుడ్డు దాటిన తరువాత ఈ తంతువులపై మైలిన్ అను కొవ్వుతో కూడిన తొడుగుండును. ఆ తొడుగు చెడనంతవరకు సంకేతములు మిక్కిలి వేగముగా పోవును. అది చెడినచో అవి మందగించును. ఒక్కొకచోట పూర్తిగా ఆగిపోవును.

దేహమును రోగక్రిములనుండి కాపాడుటకు రక్తములో రక్షకకణములు కలవు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధిలో ఈ కణములే పొరబడి మెదడు, వెన్నుపాము, దృష్టినాడులందలి మైలిన్ తొడుగుపై దాడి చేయును. కావలివాడే యింటి గోడ పడగొట్టిన చందము. దాడి జరిగిన చోట వాపు కలుగును. వాపు తగ్గిన పిమ్మట గట్టిపడిన మచ్చ మిగులును. అట్టి మచ్చలు అనేకములు అచటచట ఏర్పడుటచేతనే ఈ వ్యాధికి ఆ పేరు వచ్చినది. స్క్లెరోసిస్ అనగా గట్టిపడుట. మల్టిపుల్ అనగా పెక్కు.

ఈ దాడి దృష్టినాడిపై జరిగినప్పుడు దానిని ఆప్టిక్ న్యూరైటిస్ అందురు. సాధారణముగా ఒక కంటికి మాత్రమే వచ్చును. కొలది గంటలలోనో, దినములలోనో చూపు మసకబారును. కనుగుడ్డు కదల్చినప్పుడు నొప్పి కలుగుట మెండు. చూపు నడిమి భాగము ఎక్కువగా చెడుటచేత అక్షరములు చదువుటయు, ముఖములు గుర్తించుటయు కష్టమగును. రంగులు వెలవెలబోవును, ఎర్రని వస్త్రము ఉతికి ఉతికి వన్నె తరిగినట్లు కనబడును. రెండు మూడు వారములు గడచిన పిమ్మట వాపు తగ్గి, పెక్కుమందికి చూపు తిరిగి వచ్చును. డెస్టె ఉత్తరములు చదువలేకపోవుటయు, ఐర్లండులో మందు లేకయే బాగుపడుటయు ఈ వర్ణనకు చక్కగా సరిపోవుచున్నవి.

ఇచటనే ఈ వ్యాధిలోని మాయ యున్నది. చూపు బాగుపడినంత మాత్రమున వ్యాధి బాగుపడినట్లు కాదు. ఒక దాడి ముగిసినది, అంతియే. డెస్టె తాత మూడవ జార్జి వార్ధక్యమున చూపు కోల్పోయి, అంధుడై 1820లో మరణించెను. శుక్లములవలన చూపు పోయినచో కంటిలోని తెల్లదనమును పైనుండియే చూడవచ్చును. తాత గ్రుడ్డితనము లోకమునకు తెలిసినది. మనుమని కన్నులు మాత్రము చూచువారికి నిర్మలముగనే యుండెను. చెరుపు కంటి వెనుక, ఎవ్వరి దృష్టియు చేరని చోట దాగి యుండెను. కన్ను లోపలి భాగమును చూచుటకు తగిన పరికరము కూడ ఆనాటి వైద్యులకు లేదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ నేత్రదర్శినిని గూర్చి గ్రంథము ప్రకటించినది 1851లో. అప్పటికి డెస్టె మరణించి రెండేండ్లు దాటినది.

తరువాతి మూడు నాలుగేండ్లలో కన్నుల మసక మరల వచ్చి మరల పోయెను. 1827వ సంవత్సరము శరదృతువులో ఆయన ఇటలీ దేశమున సంచరించుచుండెను. అక్టోబరులో వెనిసు నగరమున నుండగా ఎడమ కంటి కణత యొద్ద తిమ్మిరి తోచెను. ఫ్లారెన్సు చేరిన పిమ్మట చూపు తికమక పడసాగెను. నవంబరు మొదటి వారమునకు ప్రతి వస్తువును రెండుగా కనబడజొచ్చెను. రెండు కన్నులును దేని చూపు దానిదిగా వేరుపడినవని ఆయన గ్రహించి వ్రాసికొనెను. పిత్తము ప్రకోపించుటయే దీనికి కారణమని అచటి వైద్యుడు తలచెను. కణతలకు జలగలను పట్టించిరి, చేతినుండి రక్తము తీసిరి, విరేచనముల కిచ్చిరి, వాంతి చేయించిరి. కొంతకాలమునకు వస్తువులు మరల ఒక్కటిగానే కనబడెను. రోగియు, వైద్యుడును జలగల మహిమను మెచ్చుకొని యుందురేమో! నిజమునకు అది వ్యాధి స్వభావమే.

వస్తువులు రెండుగా కనబడుటకు కారణము మొదటిదానికంటె భిన్నము. ఒక్కొక్క కనుగుడ్డును త్రిప్పుటకు ఆరు కండరములు కలవు. వానిని నడుపు నాడులు మెదడు అడుగున వెన్నుపాముతో కలియు కాండభాగమునుండి బయలుదేరును. కుడి ప్రక్కకు చూడదలచినప్పుడు కుడికన్ను బయటికిని, ఎడమకన్ను ముక్కువైపునకును ఏకకాలమున తిరుగవలయును. ఈ రెండింటి పొందికను కాపాడు సన్నని నాడీసూత్ర మొకటి ఆ కాండభాగములో కలదు. దాని మైలిన్ చెడినచో ఒక కన్ను తిరుగును, రెండవది వెనుకబడును. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి ముందునకు పోయి, రెండవది నిలిచిపోయినట్లు రెండు చూపులును వేరుపడును. ఒక కన్ను మూసికొనినచో రెండవ బొమ్మ మాయమగును. డెస్టె ఫ్లారెన్సులో వ్రాసిన వాక్యములకు అర్థ మిదియే. కొందరు రోగులలో కనుగుడ్లు తమంతట తామే అటునిటు ఊగులాడును. చూచునదంతయు కదలుచున్నట్లు తోచును. అదియు ఈ కాండభాగముననో, చిన్నమెదడునందో కలిగిన చెరుపుయొక్క ఫలమే.

కన్నులు కుదుటపడినవో లేదో, ఫ్లారెన్సులోనే కాళ్లలో బలము తగ్గనారంభించెను. దినదినమునకు సత్తువ తగ్గి, డిసెంబరు నాటికి ఆయన నిలువలేక క్రింద పడిపోయెను. ఇంచుమించు మూడు వారములు కదలలేని స్థితిలో నుండెను. పిదప కొంత బలము వచ్చినను మునుపటి దేహదారుఢ్యము మరల రాలేదు. కన్నులకు వచ్చినదియు, కాళ్లకు వచ్చినదియు ఒకే వ్యాధి అని ఊహించుటకు ఆనాడు దారి లేకపోయెను. కన్ను వేరు, కాలు వేరు. వైద్యులు దేనికి తగిన మందు దాని కిచ్చిరి. దినచర్య మాత్రము రెండింటిని వరుసగా, ఒక దాని క్రింద నొకటిగా, తేదీలతో నిలిపి యుంచెను.

అటుపై ఇరువది యేండ్లు ఆయన జీవితము చికిత్సల యాత్రగా పరిణమించెను. ఐరోపాలోని వేడినీటి ఊటలలో స్నానములు చేసెను. ఇనుము కలిసిన నీరు త్రాగెను. తైలములతో ఒళ్లు రుద్దించుకొనెను. విద్యుత్ ప్రవాహమును కూడ దేహమునకు పట్టించుకొనెను. ఒక్కొక వైద్యుడు పుష్టికరమైన ఆహారమును, మద్యమును సేవింపుమనును. మరియొకడు పథ్య మనును. దేనివలన ఎంత గుణము కనబడినదో, ఎన్ని అడుగులు నడువగలిగెనో, ఎచట తిమ్మిరి యెక్కినదో ఆయన ఓపికతో వ్రాయుచుండెను. ఆ వ్రాతలో ఆత్మస్తుతి లేదు; విలాపమును తక్కువ. ప్రతి క్రొత్త చికిత్సయందును ఆశ యున్నది. ఆ ఆశ విఫలమైనప్పుడు ఆ సంగతియు దాచకుండ వ్రాయబడి యున్నది.

వ్యాధి క్రుంగదీయుచున్నను ఆయన లోకమును విడిచి యుండలేదు. సైన్యములో పదవులు పెరిగి 1838లో కర్నలు అయ్యెను. 1830లో హానోవరు రాజ్యపు గుయెల్ఫిక్ బిరుదును పొంది సర్ అగస్టస్ అయ్యెను. ఆ యేటనే తల్లి మరణించెను. ఉత్తర అమెరికాలోని ఆదివాసులు తమ భూములను కోల్పోవుచుండుట చూచి ఆయన మనస్సు కరగెను. ఓజిబ్వే జాతికి చెందిన మతబోధకుడు పీటర్ జోన్స్ ఇంగ్లండునకు వచ్చినప్పుడు డెస్టె అతనితో స్నేహము చేసెను. 1837లో స్థాపితమైన ఆదివాసి రక్షణ సంఘమునకు తోడ్పడెను. తన హక్కును పోగొట్టుకొనినవానికి ఇతరుల హక్కుల విలువ తెలియుట వింత కాదు.

1843లో తండ్రి ససెక్స్ డ్యూకు మరణించెను. ఆ పదవి తనకు రావలయునని డెస్టె ప్రభువుల సభను అర్థించెను. రోములో జరిగిన వివాహమునకు ఇంగ్లండు చట్టము వర్తింపదని ఆయన పక్షమున వాదము జరిగెను. ఆయన న్యాయవాదులలో సర్ టామస్ వైల్డ్ అను ప్రముఖు డుండెను. రాజవంశీయులు ఏ దేశమున వివాహమాడినను 1772 నాటి చట్టము వారిని బంధించునని న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. 1844లో అర్జీ త్రోసివేయబడెను. మరుసటి యేట ఆ వైల్డ్ డెస్టె చెల్లెలిని వివాహమాడెను. పిమ్మట ట్రూరో ప్రభువై ఇంగ్లండునకు లార్డ్ ఛాన్సలర్ కూడ అయ్యెను. డెస్టె మాత్రము అవివాహితుడుగనే మిగిలెను.

ఈ వ్యాజ్యము నడచుచున్న కాలముననే కండరములు పట్టుకొనిపోవుటయు, తల తిరుగుటయు ఆరంభమయ్యెను. కర్రల సాయము చాలక చక్రముల కుర్చీ అవసరమయ్యెను. దినచర్య 1846తో ఆగినది. చివరి పుటలందు కూడ తన స్థితి కొంత మెరుగుపడునను ఆశ కనబడుచున్నది. 1848 డిసెంబరులో ఏబది నాలుగేండ్ల ప్రాయమున సర్ అగస్టస్ డెస్టె లండనులో మరణించెను.

ఆయన రోగమునకు గుర్తులు ఆయన జీవించిన కాలముననే, ఆయన నివసించిన నగరముననే అచ్చులో నుండెను. లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడైన రాబర్ట్ కార్స్‌వెల్ 1838లో ప్రకటించిన చిత్రసంపుటమున వెన్నుపాముపై గోధుమవన్నె మచ్చలు కల చిత్రములు కలవు. పారిసు నగరమున క్రువెలియే అను వైద్యుడును అట్టి మచ్చలనే చూచి చిత్రింపించెను. కాని కార్స్‌వెల్ చూచినది మృతదేహమును. డెస్టె వ్రాసినది సజీవదేహమును గురించి. ఈ రెండింటిని కలిపి చూచువాడు ఇంకను రాలేదు. 1868లో పారిసులోని సాల్పెత్రియేర్ వైద్యశాలయందు జాన్ మార్టిన్ షార్కో ఆ పని చేసెను. రోగుల లక్షణములను బ్రతికి యుండగా పరిశీలించి, మరణానంతరము వారి మెదడును, వెన్నుపామును పరీక్షించి, మచ్చలకును లక్షణములకును గల సంబంధమును నిరూపించి, ఆ వ్యాధికి ఫ్రెంచి భాషలో పేరు పెట్టెను. కనుగుడ్ల ఊగులాట ముఖ్యలక్షణములలో నొకటి అని ఆయన బోధించెను. 1890లో జర్మనీ నేత్రవైద్యుడు విల్హెల్ము ఊట్‌హోఫ్, శ్రమ చేసినప్పుడు ఈ రోగుల చూపు తాత్కాలికముగా మసకబారునని ప్రకటించెను. ఒళ్లు వేడెక్కినప్పుడు చెడిన తంతువులలో సంకేతములు మరింత మందగించుటయే దీనికి కారణమని తరువాత తెలిసినది. వేడినీటి స్నానము చేసినను, జ్వరము వచ్చినను ఇట్లే జరుగవచ్చును. ఒళ్లు చల్లబడగానే చూపు యథాస్థితికి వచ్చును.

డెస్టె దినచర్య వైద్యలోకమునకు తెలియుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టెను. డగ్లస్ ఫర్త్ అను ఆంగ్ల వైద్యుడు 1941లో దానిని గూర్చి వ్రాసి, 1948లో పుస్తకముగా ప్రకటించెను. చూపు మసకబారి బాగుపడుట, వస్తువులు రెండుగా కనబడుట, కాళ్ల బలహీనత, తిమ్మిరులు, మధ్య మధ్య తెరపి, క్రమముగా క్షీణత - ఈ వరుస చూచిన వైద్యులు ఇది మల్టిపుల్ స్క్లెరోసిసే యని నిశ్చయించిరి. ఒక రోగి తన చేతితో వ్రాసిన ఈ వ్యాధి చరిత్రలలో, వివరముగా తేదీలతో లభించిన తొలిదానిగా వారు దీనిని గౌరవించుచున్నారు.

నేటి వైద్యునికి డెస్టె కన్నుల కథ అంత అగమ్యము కాదు. ఈ వ్యాధి సాధారణముగా ఇరువది నలుబది యేండ్ల మధ్య వయస్సులో బయటపడును. పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా వచ్చును. రోగులలో సుమారు అయిదవ వంతు మందికి తొలి సూచన దృష్టినాడి వాపే. 1981 నుండి అయస్కాంత శక్తితో మెదడు చిత్రములు తీయు ఎం.ఆర్.ఐ. యంత్రము ఈ మచ్చలను బ్రతికి యున్న రోగిలోనే చూపుచున్నది. గళ్ల బొమ్మను చూపించి, ఆ సంకేతము మెదడునకు చేరుటకు పట్టిన కాలమును సెకండులో వెయ్యవ వంతుతో సహా కొలుచు పరీక్ష 1970 తరువాత ప్రచారములోనికి వచ్చినది. చూపు బాగుపడినను ఈ ఆలస్యము పెక్కుమందిలో మిగిలియే యుండును. రోగి మరచిన గాయమును నాడి మరువదు.

చికిత్స విషయమునను సత్యమును తేల్చుటకు జలగల కాలము దాటి చాల దూరము రావలసి వచ్చెను. దృష్టినాడి వాపు కలిగిన 457 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితములు 1992లో వెలువడినవి. నరమునకు ఎక్కించు స్టెరాయిడ్ మందువలన చూపు త్వరగా తిరిగి వచ్చుననియు, తుదకు మిగులు చూపులో మాత్రము పెద్ద భేదము లేదనియు తేలినది. మామూలు మోతాదులో మాత్రలుగా మాత్రమే పుచ్చుకొనినవారికి వాపు మరల మరల వచ్చుటయు కనబడినది. మందు లేకయే డెస్టెకు చూపు తిరిగి రావడములోని రహస్య మిదియే. ఆ రోగులను పదునైదేండ్లు గమనించగా, ఇంచుమించు సగము మందికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినట్లు తెలిసినది. మొదట తీసిన చిత్రములలో మెదడున మచ్చలు లేనివారిలో నూటికి 25 మందికి, మచ్చలు కలవారిలో నూటికి 72 మందికి ఆ వ్యాధి వచ్చెను. కావున దృష్టినాడి వాపు కలిగిన ప్రతివానికిని డెస్టె గతియే పట్టునని భయపడ నక్కరలేదు. పరీక్ష చేయించుకొనకుండుటయు తగదు.

1993లో మొదలుకొని, దాడుల సంఖ్యను తగ్గించు మందులు ఒకటి వెంట నొకటి వచ్చినవి. వ్యాధి పూర్తిగా తొలగిపోవు మార్గము ఇంకను దొరకలేదు. కాని మొదటి దాడి నాడే గుర్తించి చికిత్స మొదలిడినచో తరువాతి చెరుపును చాలవరకు తగ్గింపవచ్చును. ఎప్‌స్టీన్ బార్ అను వైరసు సోకుటకును ఈ వ్యాధికిని దగ్గరి సంబంధ మున్నదని, కోటిమందికి పైబడిన అమెరికా సైనికుల రికార్డులు పరిశీలించి 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ వైరసు సోకినవారిలో మిక్కిలి కొద్దిమందికే ఈ వ్యాధి వచ్చుచున్నది గనుక, ఇతర కారణములను గూర్చిన అన్వేషణ సాగుచున్నది.

ఈ వ్యాధిని నిర్ణయించుటకు వైద్యులు అంతర్జాతీయముగా ఏర్పరచుకొనిన నియమములను 2025లో సవరించి ప్రకటించిరి. వ్యాధి చోటు చేసికొను స్థానముగా మెదడులోని మూడు భాగములను, వెన్నుపామును మాత్రమే అంతవరకు లెక్కించుచుండిరి. క్రొత్త నియమములలో దృష్టినాడి అయిదవ స్థానముగా చేర్చబడెను. అనగా కన్నుల సాక్ష్యము ఇప్పుడు వ్యాధి నిర్ణయమున లెక్కకు వచ్చుచున్నది. స్కాట్లండు కొండలలో ఒక యువకుడు ఉత్తరము చదువలేక ఇతరుల చేతి కిచ్చిన నాటినుండి దీనికి రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

విద్యార్థి ఎవడైనను నల్లబల్లపై అక్షరములు కనబడుట లేదని, ఎరుపు వెలిసినట్లున్నదని, ఒకటి రెండుగా తోచుచున్నదని చెప్పి, కొలది దినములకు బాగుపడినదనినచో, పెద్దలు ఆ మాటను నెపముగా త్రోసివేయుట కలదు. అద్దములతో తీరు లోపములే లోకములో హెచ్చు. ఈ వ్యాధి అరుదు. అయినను ఏ కన్ను, ఏ దినము, ఎంతకాలము అను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి వైద్యునికి చూపించుట కష్టమైన పని కాదు. రాజు మనుమడు చేసిన పనియు అంతే. ఆయన తండ్రి పేరు కొరకు వ్రాయించిన అర్జీలను ప్రభువుల సభ త్రోసివేసినది. తన కొరకు వ్రాసికొనిన కొన్ని పుటలు మాత్రము ఆయనకు వైద్యశాస్త్ర చరిత్రలో స్థిరమైన పేరు తెచ్చినవి.